ఉన్నత పాఠశాలలో అక్షరాభ్యాసము

మన యున్నత పాఠశాలలలో అందఱికిని తెలిసియుండియు నెవ్వరును పైకి చెప్పని విషయమొకటి గలదు. ఎనిమిదవ తరగతిలోనో తొమ్మిదవ తరగతిలోనో కూర్చుండి, ఒకనాడు భౌతికశాస్త్రమును, మఱియొకనాడు ఫ్రెంచి విప్లవ చరిత్రమును వినుచున్న బాలబాలికలలో కొందఱికి తమ మాతృభాషలో నాలుగు పంక్తులు చదువుట రాదు. ఈ సంగతి ఉపాధ్యాయునికి తెలియును. ప్రక్క బల్లపై కూర్చున్న పిల్లలకు తెలియును. చదువలేని పిల్లవానికి అందఱికంటెను చక్కగా తెలియును. తెలియనివారు తల్లిదండ్రులు మాత్రమే. ఏలయన వారి కుమారుడు ఏటేట పై తరగతికి పోవుచునే యున్నాడు, పోవుచున్నవాడు చదువుకొనుచున్నాడనియే వారి నమ్మకము.

ఈ కొందఱెందఱు? దేశములోని గ్రామసీమలలో ఇంటింటికిని పోయి, పిల్లలచేత చదివించి చూచి, ప్రథమ్ అను సంస్థవారు ప్రకటించు అసర్ నివేదికలు గలవు. 2018వ సంవత్సరపు నివేదికను బట్టి ఎనిమిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి సుమారు 73 మంది. కోవిడ్ కాలమున మూతపడిన బడులు మరల తెఱువబడిన పిమ్మట, 2022లో, ఆ సంఖ్య 70కి దిగినది. 2023లో 14 మొదలు 18 ఏండ్లవఱకు గల యువజనులను పరీక్షింపగా నాలుగవ వంతు మంది తమ ప్రాంతభాషలో రెండవ తరగతి పాఠమును తడబడక చదువలేకపోయిరి. ఇట్టి లెక్కలను వినినప్పుడు మనము నిట్టూర్చి, ప్రభుత్వమును నిందించి, పత్రికను మడిచి ప్రక్కన బెట్టుదుము. నేను వ్రాయదలచినది ప్రభుత్వమును గూర్చి కాదు. తరగతిగదిలో నిలువబడి, ఎదుటి పిల్లవానికి చదువురాదని ఎఱిగియుండియు, మాటాడక పాఠమును ముందుకు సాగించిన మనిషిని గూర్చి. ఆ మనిషిని నేనే.

ఉత్తరాంధ్రమున నొక గ్రామములోని ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్పుచుంటిని. తొమ్మిదవ తరగతిలో నొక బాలుడు. నెమ్మదియైనవాడు, అల్లరి యెఱుగడు, పిలిచినంతనే లేచి నిలువబడి పాఠమును గడగడ చదివెడివాడు. ఒకనాడు వాని వెనుకకు పోయి నిలిచి చూచితిని. వాని నోరు పలుకుచున్నది ఒక పుటలోని పాఠము. వ్రేలు పోవుచున్నది మఱియొక పుటలో. ముందు చదివిన పిల్లల నోట విని, పాఠమునంతయు వాడు కంఠస్థము చేసియుండెను. అంతటి జ్ఞాపకశక్తి నాకు లేదు. నేను చూచితినని వానికి తెలిసినది. వాని చెవులు ఎఱ్ఱబడినవి. నేను "బాగుంది, కూర్చో నాయనా" అంటిని. నలుగురిలో వానిని చిన్నబుచ్చకుంటినని ఆ సాయంకాలము నా మనస్సునకు కొంత తృప్తి కూడ కలిగినది.

కొన్ని యేండ్లకు విజయనగరము బస్సు స్టాండులో నొక యువకుడు నాయొద్దకు వచ్చి, "ఏమండీ, ఈ బస్సు ఎక్కడికెళ్తుందండీ?" అని యడిగెను. బస్సు మా యెదుటనే యున్నది. దాని నొసటిమీద జానెడంత అక్షరములతో ఊరిపేరు వ్రాసియున్నది. నేను తలయెత్తి చూచితిని. వాడు నన్ను గుర్తుపట్టెను. కొంతసేపు ఇరువురమును ఆ పలకనే చూచుచు నిలిచితిమి. పిదప వాడు మెల్లగా, "మీకు ఆ రోజే తెలుసు కదండీ మాస్టారూ" అనెను. ఆ మాటలో నింద లేదు. నిందయుండినచో నాకు సులభముగా నుండెడిది.

ఆనాడు నేను చేసినది దయయా? పలుమాఱు ఆలోచించితిని. దయ యనునది ఎదుటివాని కష్టమును తొలగించుటకో, తగ్గించుటకో చేయు పని. నేను తొలగించినది నా కష్టమును. వానికి చదువురాదని ఒప్పుకొనిన యెడల నాకొక పని పడును. ఆ పని నా పాఠ్యప్రణాళికలో లేదు. దానిని చేయు విధమును నాకెవ్వరును నేర్పలేదు. కావున ఆ క్షణమున మేమిరువురమును ఒక యొడంబడిక చేసికొంటిమి: నీవు చదువుచున్నట్లు నటింపుము, నేను బోధించుచున్నట్లు నటింతును. అట్టి యొడంబడికలు మన పాఠశాలలలో ప్రతిదినము జరుగుచున్నవి. వానిలో ఒక పక్షము వయస్సు పదునాలుగేండ్లు, వేఱొక పక్షమునకు నెలజీతము గలదు. కాబట్టి తప్పు సమానమని చెప్పుటకు వీలులేదు.

2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టముయొక్క 16వ విభాగమే ఈ యనర్థమునకు మూలమని కొందఱందురు. ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఏ పిల్లవానిని ఒక తరగతిలో నిలిపివేయరాదని ఆ విభాగము శాసించినది. నిలిపివేసిన పిల్లలు మరల చదువక బడి మానుచుండిరి. అట్లు మానువారిలో పేదలే హెచ్చు. చట్టముచేసినవారి యుద్దేశము మంచిదే. అయితే ఆ చట్టమునందే 24వ విభాగమును గలదు. ప్రతి పిల్లవాని గ్రహణశక్తిని పరీక్షించి, అవసరమైనంత అదనపు బోధ చేయవలసిన ధర్మమును అది ఉపాధ్యాయునిపై నుంచినది. మనము 16ను జ్ఞాపకముంచుకొని 24ను మఱచితిమి. 2019లో చట్టమును సవరించి, ఐదవ, ఎనిమిదవ తరగతులలో పరీక్షలుపెట్టి నిలిపివేయు నధికారమును ప్రభుత్వములకు మరల ఇచ్చిరి. నిలిపివేయబడిన పిల్లవాడు అదే పుస్తకమును, అదే గదిలో, అదే గొంతునుండి మరల నొకయేడు వినును. తొలియేడు అర్థముగాని బోధ రెండవయేట నెట్లు అర్థమగునో నాకు తెలియదు. పైకి పంపుటయు, నిలిపివేయుటయు రెండును పిల్లవానిని ఎక్కడ కూర్చుండబెట్టవలెనను విషయమును గూర్చిన నిర్ణయములే. వానికి చదువు నేర్పు పని రెంటియందును లేదు.

అసలు వాడు ఈ స్థితికెట్లు వచ్చెను? తెలుగు లిపి సులభమని మనము గర్వింతుము. వ్రాసినట్లే చదువవచ్చును గదా యందుము. నిజమే, వచ్చినవారికి. యాబదియాఱు అక్షరములను గుర్తించుటతో పని తీరదు. హల్లులకు గుణింతములు చేరి వందలకొలది రూపము లగును. వానిక్రింద వత్తులు చేరును. పకారమునకును షకారమునకును భేదము చిన్న గీత. మకార యకారములను జూచి పెద్దవారే కంగారుపడిన కాలము వారికి జ్ఞాపకము లేదు గాని, ఉండియే యుండును. వత్తుల సంగతి మఱింత చిత్రము. 'శ్రీ' అను నక్షరమును చూడుడు. గుడిదీర్ఘము శకారము నెత్తిమీద నుండును; రేఫము ప్రక్కనో క్రిందనో నుండును. నోటితో పలుకునప్పుడు మాత్రము ముందు శకారము, పిదప రేఫము, ఆ పిదప నెత్తిమీది ఈకారము. కన్ను పోవు త్రోవ యొకటి, నోరు పోవు త్రోవ యొకటి. ఈ రెంటిని కూర్చుట నెలలకొలది యభ్యాసమువలన గాని రాదు. ఆ నెలలలోనే తల్లిదండ్రులతో ఇటుకబట్టీలకు వలసపోయిన పిల్లయో, జ్వరముతో పడియున్న పిల్లవాడో తిరిగివచ్చునప్పటికి, తరగతి వత్తులను దాటిపోవును. మూడవ తరగతి పంతులు అది రెండవ తరగతిలో చెప్పియుందురనుకొనును. ఆఱవ తరగతి పంతులు అది తన పని గాదనుకొనును. అంతటితో ఆ పిల్లవాని చదువు వత్తులయొద్ద ఆగిపోవును, వాడు మాత్రము తరగతులు దాటుచుండును.

గఫ్, టన్మర్ అను నిరువురు పండితులు 1986లో చదువునుగూర్చి యొక చిన్న సూత్రము చెప్పిరి. చదివి గ్రహించుట యనునది అక్షరములను కూడబలుకుకొను శక్తిని, వినిన భాషను గ్రహించు శక్తితో హెచ్చవేయగా వచ్చు లబ్ధము. కూడిక గాదు, గుణకారము. రెంటిలో నేది సున్న యైనను ఫలము సున్నయే. మా బాలునికి వినికిడి జ్ఞానము నిండుగా నున్నది. లేకున్నచో పాఠములను విని నిలుపుకొనలేడు. కొఱతయంతయు మొదటి దానియందే. మఱికొందఱు పిల్లలు దీనికి విరుద్ధముగా గడగడ చదువుదురు గాని చదివినది ఏమని యడిగిన నోరు విప్పరు. ఇప్పుడు మన బడులలో పెక్కింట ఆంగ్లమాధ్యమము వచ్చుటచే ఈ రెండవ తెగ పెరుగుచున్నది. ఆంధ్రప్రదేశమున పుస్తకములో నొక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగు ముద్రించి యిచ్చుచున్నారు. తెలుగే చదువలేని పిల్లవానికి ఎదుటి పుట యేమి సాయము చేయగలదు? ఈ రెండు తెగలవారిని ఒక గదిలో జేర్చి ఒక మందిచ్చుట, కాలువిఱిగినవానికిని కన్నుపోయినవానికిని ఒకే కట్టు కట్టుటవంటిది.

ఇంత ఆలస్యమైన పిమ్మట నేర్పిన వచ్చునా యని కొందఱికి సందేహము. ఈ సందేహము సోమరులకు మిక్కిలి యుపకారి. లక్నో సమీపమున రెండు గ్రామములలో, అక్షరము తెలియని నడివయసు స్త్రీలకు ఆఱు నెలలు హిందీ చదువు నేర్పి, వారి మెదడును యంత్రములతో పరిశీలించి శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి: చదువు వచ్చినది, మెదడునందు మార్పును కనబడినది. ముప్పదేండ్ల తల్లి నేర్వగలిగినది పదునాలుగేండ్ల బిడ్డ నేర్వలేడా? అంతదూరము పోనేల? 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, కూలిపని చేసికొనివచ్చి రాత్రివేళ పలక పట్టిన స్త్రీలు, వాచకములో సారా వలన చెడిన కుటుంబము కథను చదివిరి. చదివి ఊరకుండలేదు. దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము పెరిగి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. వారికి చదువు త్వరగా వచ్చుటకు కారణమును నేనిందే చూచుచున్నాను. చదివిన మాట వారి యింటిలోనిది.

మన మేమి చేయుచున్నాము? మీసము మొలుచుచున్న బాలుని చేతికి అమ్మ, ఆవు, ఇల్లు బొమ్మలుగల పుస్తక మిచ్చుచున్నాము. వాడు దానిని బల్లక్రింద దాచుకొనుటలో ఆశ్చర్యమేమి? వానికి కావలసిన అక్షరములు ఒకటవ తరగతివి. విషయము మాత్రము వాని వయస్సునకు తగినదై యుండవలెను. ఎరువుల బస్తామీది వ్రాత, రేషను కార్డు, క్రికెట్ వార్త, చేపల వేటకు పోవువారికి వాతావరణపు హెచ్చరిక, ఊరిలో జరిగిన సంగతిని పిల్లలు నోట చెప్పగా ఉపాధ్యాయుడు వ్రాసిపెట్టిన పది పంక్తులు, ఇవి చాలును. ఈ కడపటిది అన్నిటికంటె మేలైనది. తాను చెప్పిన మాటయే కాగితముపై కనబడిన యెడల, తరువాత ఏ మాట వచ్చునో వానికి ముందే తెలియును; కన్ను దానిని పట్టుకొనుటకు తొందరపడును.

ఇక్కడ శ్రీకాకుళ ప్రాంతపువాడైన గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. పర్లాకిమిడిలో నుండి, సవరల భాషను తాము నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులుపెట్టి చెప్పించిన మహనీయుడు. నోటిలో లేని భాషను చేతిలో పెట్టిన పిల్లవాడు చదువుకు దూరమగునని వారి వాదము. ఆ వాదమును సమర్థించుచు నేనీ వ్యాసమును ఈ శైలిలో వ్రాయుచుండుట చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. నా చేయి అలవాటుపడిన త్రోవ యిది. పిల్లల చేతికిచ్చు కాగితములపై మాత్రము ఈ త్రోవ త్రొక్కను.

అన్నిటికంటె చిక్కైన ప్రశ్న సిగ్గును గూర్చినది. చదువలేనివారిని వేఱుచేయక నేర్పుట యెట్లు? వేఱుచేసినచో వారి మానము నిలుచుట యెట్లు? వేఱుగది యేర్పఱచిన చోట్ల, ఆ గదికి పేరుపెట్టుటకు పిల్లలకు రెండు దినములు చాలును. ఆ పేరు నేనిక్కడ వ్రాయను. అందుచేత వేఱుచేయనేరాదని వాదించు మంచివారు గలరు. నేనును చాలకాలము ఆ పక్షముననే యుంటిని. కాని పై బాలుడు నలువదిమంది నడుమ, వేఱుచేయబడకయే, మూడేండ్లు ఒంటరిగా నుండెను. రహస్యమును మోయుచున్నవాడు ఎంత గుంపులో నున్నను ఒంటివాడే. సిగ్గు పుట్టునది గదివలన గాదు, అందఱిముందు పట్టుబడుదునను భయమువలన. కావున పరీక్ష మాత్రము ఒక్కొక్కనికి వేఱువేఱుగా, చెట్టుక్రిందనో, గ్రంథాలయపు మూలనో, మఱియొకరు వినకుండ జరుగవలెను. అయిదు నిమిషముల పని. చిన్న పేరా యిచ్చి చదివించి, ఎక్కడ ఆగినాడో గుర్తుపెట్టుకొని, చదివినదానిని తన మాటలతో చెప్పుమనవలెను. అంతకుముందు కన్నులు చూపించుట మఱువరాదు. నల్లబల్ల కనబడక మొద్దులనిపించుకొన్నవారిని నేనెఱుగుదును. ఎంత చెప్పినను అక్షరములు తారుమాఱగు పిల్లలును కొందఱుందురు. అట్టి ప్రత్యేక వైకల్యమును 2016 నాటి చట్టము గుర్తించినది. వారిని తగిన పరీక్షకు పంపవలెను గాని, సోమరులని గద్దింపరాదు.

సిగ్గునకు నాకు తోచిన మందొకటి గలదు, అది మన నేలలో పుట్టినదే. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరున అనాథ బాలుర శరణాలయమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, తన బడిలో ఆ పద్ధతి పెట్టి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించెను. 1797లో దానిని గూర్చి లండనులో ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేరుతో అది ఇంగ్లండున బహుళముగా వ్యాపించినది. ఆ పద్ధతి పంతుళ్ల ఖర్చు తగ్గించుటకు పనికివచ్చినదనియు, యంత్రమువలె నుండెననియు విమర్శలు గలవు; అవి సరియైనవే. నేను దానినుండి తీసికొనునది ఒక్క గింజ. తొమ్మిదవ తరగతి బాలునితో, "శుక్రవారము రెండవ తరగతి పిల్లలకు ఈ కథ నీవు చదివి వినిపింపవలెను" అని చెప్పుడు. ఇప్పుడు వాడు చిన్న పుస్తకమును పట్టుకొనుట అవమానము గాదు. పెద్దవాడు కనుక పట్టుకొనుచున్నాడు. సోమవారమునుండి గురువారమువఱకు ఆ కథనే నాలుగుమాఱులు, అయిదుమాఱులు చదివి సాధన చేయును. ఒకే పాఠమును పలుమాఱు గట్టిగా చదువుటవలన తడబాటు తగ్గునని శామ్యూల్స్ అను విద్వాంసుడు 1979లో చూపినది ఇదియే. నలుగురు చిన్న పిల్లలు నోళ్లు తెఱచి తన్ను చూచుచుండగా వాని ముఖమెట్లుండునో చూచినవారికి వేఱు నిదర్శన మక్కఱలేదు.

ఇక కాలము. దినమునకు అరగంటయైనను కావలెను, ప్రతిదినమును కావలెను. దానిని ఆటల గంటలోనుండి తీసికొనిన యెడల శిక్ష యగును. బడి విడిచిన పిమ్మట పెట్టినచో పశువులను తోలుకొని రావలసిన పిల్లలు, తమ్ముని ఎత్తుకొనవలసిన పిల్లలు రారు. వారే మనకు కావలసినవారు. అందుచేత పాఠముల వేళనుండియే తీయవలెను. "పాఠ్యభాగములు పూర్తికావు" అని ప్రధానోపాధ్యాయు లందురు. చదువలేని పిల్లవానికి ఏ భాగము పూర్తియగుచున్నదో వారు చెప్పవలెను. ఎవరు చెప్పవలెనన్న ప్రశ్నయును గలదు. కొత్తగా చేరినవానికో, ఎవరికిని అక్కఱలేనివానికో ఈ పని అప్పగించుట వాడుక. పదవ తరగతి ఫలితములకొఱకు ఉత్తములను దాచియుంచుదురు. నా యభిప్రాయము దీనికి తలక్రిందులు.

ఇందుకు గట్టి యాక్షేపణ యొకటి గలదు, దానిని తప్పించుకొనరాదు. చదువగలిగిన పిల్లలు ఏమి పాపము చేసిరి? మంచి యుపాధ్యాయుని గంటను వారినుండి తీసి యితరులకిచ్చుట న్యాయమా? ఒక తండ్రి నన్ను ముఖాముఖి అడిగెను. ఆయన కూలివాడు, తన కుమార్తె పదవ తరగతిలో మొదటిది కావలెనని ఆశ. ఆయనతో వాదించుటకు నాకు నోరాడలేదు. తరువాత ఆలోచింపగా తోచినది ఇది. ఆమెకు చదువు వచ్చును గనుక ఉపాధ్యాయుడు లేని అరగంటలోను ఆమె యెదుట పుస్తకమున్నది, పత్రికయున్నది. ఆమె యొక్కతియు ముందుకు పోగలదు. చదువురాని పిల్లవానికి ఉపాధ్యాయుడు తప్ప వేఱు పుస్తకము లేదు. ఆమెకు నష్టము లేదని నేను చెప్పను. కొంత నష్టము గలదు, దానిని ఆ తండ్రియొద్ద ఒప్పుకొనవలెను. ఒప్పుకొనకుండ పథకము లందఱికిని లాభమే యని చెప్పుట మరల ఆ పాత నటనయే.

స్టానోవిచ్ అను పండితుడు 1986లో వ్రాసినట్లు, చదువగలిగినవాడు ఎక్కువ చదివి మఱింత నేర్చును, చదువలేనివాడు తక్కువ చదివి మఱింత వెనుకబడును. ఉన్నవానికే వడ్డీ పెరుగును, లేనివానికి అప్పు పెరుగును. ఆలస్యము చేసిన ప్రతి తరగతియు ఆ యప్పుపై చక్రవడ్డీ. నేను "కూర్చో నాయనా" అనిన దినమున అప్పెంతయుండెనో, బస్సు స్టాండునాటికి ఎంతయైనదో నేను లెక్కవేయగలను.

ఆ దినమున వానిని బస్సు ఎక్కనీయలేదు. టీ త్రాగించి, ఆదివారములు మా యింటికి రమ్మంటిని. "ఇప్పుడేం చదువండీ, పెళ్లి కూడా అయిపోయింది" అని నవ్వెను. మూడు వారములు రాలేదు. నాలుగవ వారము వచ్చెను, వాకిట నెవ్వరైన నున్నారేమో చూచుకొని లోపలికి వచ్చెను. కూడబలుకుట త్వరగానే పట్టుబడినది. వత్తులే కష్టము. బస్సుల పేర్లు నేను పెద్దయక్షరములతో అట్టముక్కలమీద వ్రాసియిచ్చుచుంటిని: పాలకొండ, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం. పోయిన ఆదివారము ఒక ముక్కయొద్ద ఆగిపోయి, చాలసేపు వ్రేలితో తలమీది గుడిదీర్ఘమును తాకి, క్రిందికి వచ్చి, మరల పైకి పోయెను. నేను నోరు మెదపలేదు. "శ" అనెను. ఆగెను. "శ్రీ" అనెను. తరువాతి అక్షరములకు వ్రేలు పెట్టలేదు. "శ్రీకాకుళమండీ," అని, ఆ అట్టముక్కను చొక్కాజేబులో పెట్టుకొనెను.